అమావాస్య బైఠక్

గద్వాలలో నేతవాళ్ళు అమావాస్య నాడు మగ్గం గుంటలో కాలు పెట్టరు. గుంట ఊడ్చి, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, మగవాళ్ళు మధ్యాహ్నం దాకా కాళ్ళు చాపుకుని పడుకుంటారు. ఈశ్వరయ్య ఇంట్లో మాత్రం ఆ రోజు కునుకు ఉండదు, బైఠక్ ఉంటుంది. ముందు హాల్లో ఆరు, వెనక రేకుల షెడ్డులో ఆరు, మొత్తం పన్నెండు మగ్గాలు. వచ్చే నెలంతా వాటి మీద ఏ రంగు నూలు ఒంటికి ఏ రంగు పట్టు అంచు పడాలన్నది ఆ ఒక్క పూటలో తేలిపోవాలి. ఈశ్వరయ్య తాత కాలం నుంచీ అంతే.

ఈశ్వరయ్య ఎత్తుపీట మీద కూర్చుంటాడు. పెద్దకొడుకు గోవిందు, చిన్నకొడుకు బాలన్న కింద చాప మీద. మధ్యలో చాట నిండా రంగురంగుల చిలపలు, అంటే రంగు అద్దిన దారపు చుట్టలు. వంటింటి గడప దగ్గర ఈశ్వరయ్య భార్య రామేశ్వరమ్మ ఇంకో చాటలో బియ్యం ఏరుతూ ఉంటుంది. కోడళ్ళిద్దరూ, పెద్దామె జానకమ్మ, చిన్నామె సుభద్ర, వంటింట్లో. బైఠక్‌లో వాళ్ళ పాత్ర చాయ్ అందించడంతో మొదలై గ్లాసులు ఏరుకోవడంతో ముగుస్తుంది.

గోవిందు ఒక చిలప అందిస్తాడు. ఈశ్వరయ్య దాన్ని పైకెత్తి పట్టుకుంటాడు. చూపు మాత్రం చిలప మీద ఉండదు, దూలం మీద ఉంటుంది. అప్పుడొక మౌనం. ఆ మౌనం ఎంత లోతుగా ఉంటుందంటే గోవిందు ఊపిరి కూడా అనుమతి అడిగి పీలుస్తున్నట్టు పీలుస్తాడు. ఆ తర్వాత "నడుస్తది" అనో, "వద్దు" అనో ఒకే మాట. ఎందుకని అడిగే మనిషి ఆ ఇంట ఇంతవరకు పుట్టలేదు.

బయటి నుంచి మాత్రం ఒకతె వచ్చింది.

సుభద్ర వనపర్తిలో బి.ఏ. చదివింది. పార్లమెంటులో బిల్లు ఎన్ని గడపలు దాటితే చట్టమవుతుందో పరీక్షలో నాలుగు పేజీలు రాసి, ఫస్టు క్లాసుకు మూడు మార్కుల దూరంలో ఆగిపోయింది. అలాంటి మనిషికి, ఇక్కడ బిల్లు ఒకే చూపుతో, అదీ దూలం మీది చూపుతో, ఎలా పాసవుతుందో తెలుసుకోవాలనిపించడంలో తప్పేమీ లేదు. మూడేళ్ళు చాయ్ గ్లాసులు అందిస్తూ ఆమె అదే చూసింది. నాలుగో ఏడు, అంటే ఎనభైతొమ్మిదిలో, వైశాఖ మాసానికి ముందటి బైఠక్‌లో ఆమె చెవికి ఒక సంగతి తగిలింది.

మామ చిలప ఎత్తాక, నోరు తెరిచే ముందు, గడప దగ్గర అత్త గాజులు చాటకు తగులుతాయి. ఒకసారి గల్లుమంటే "వద్దు". రెండుసార్లు గల్లుమంటే "నడుస్తది". ఆ పూట పద్నాలుగు చిలపలు లేచాయి. పద్నాలుగుసార్లూ లెక్క తప్పలేదు.

వైశాఖ అమావాస్య నాడు సుభద్ర చిన్న ప్రయోగం చేసింది. బైఠక్ మొదలవుతుండగా జొన్నపిండి పళ్ళెం తెచ్చి అత్త ముందు పెట్టి, "జర రొట్టెలకు పిండి పిసుకు అత్తమ్మా, నాకు చెయ్యి బెణికింది," అంది. రామేశ్వరమ్మ గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని పిండిలో చేతులు పెట్టింది. ఈశ్వరయ్య నెమలికంఠం రంగు చిలప ఎత్తాడు. మౌనం. ఇంకా మౌనం. వీధిలో సైకిల్ బెల్లు మోగింది. ఆయన "నడు..." అని ఆగిపోయాడు. చివరికి చిలప దించి, "దీని సంగతి అన్నం తిన్నంక చూద్దాం," అన్నాడు. అన్నాలయ్యాయి, అత్త చేతులు కడుక్కుంది, గాజులు మణికట్టుకు దిగాయి. పన్నెండు మగ్గాల సంగతి పావుగంటలో తేలిపోయింది.

ఇక రెండో ప్రశ్న. చిలప చేతిలో ఉండగా ఆయనకు గాజులెందుకు? సుభద్ర హాల్లోని తిథుల క్యాలెండరును తలకిందులుగా తగిలించింది. ఈశ్వరయ్య నాలుగు రోజులు ప్రతి పొద్దునా దాని ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, తల పంకించి, "ఏకాదశి ఎప్పుడొచ్చిందమ్మా?" అని అడిగాడు. అయిదో రోజు గోవిందు చూసి క్యాలెండరు సరిచేశాడు. పిల్లల పనే అనుకున్నాడు పాపం.

ఆ సాయంత్రం బట్టలుతికే బండ దగ్గర సుభద్ర అత్తను పట్టుకుంది.

"అత్తమ్మా, మామకు కండ్లు కనపడ్తలేవు గద?"

రామేశ్వరమ్మ చీర పిండుతూ కోడలి వైపు చూసింది. "కాలెండర్ తిప్పింది నువ్వేనా? నేను అప్పుడే అనుకున్న. మోతిబిందు. కండ్లల్ల పొర పట్టి రెండేండ్లాయె. దవాఖానకు పోదామంటే, నా కండ్లకు ఏమైందే అని మీదికొస్తడు."

"అయితే రెండేండ్ల నుంచి రంగులన్నీ నువ్వే చెప్తున్నవు."

"రెండేండ్ల నుంచి గాజులతోని. అంతకు ముందు దగ్గుతోని."

సుభద్ర చేతిలోని జాకెట్టు బకెట్‌లో పడిపోయింది. "అంతకు ముందు కండ్లు మంచిగనే ఉండె గద!"

"కండ్లున్నయి. కండ్లు ఉంటే రంగులు తెలుస్తయా ఏంది? మా అత్త గూడ గట్లనే. ఆమె గడపల కూసొని తమలపాకు దంచేది. రోట్ల ఒక దెబ్బేస్తే వద్దని, రెండేస్తే సరే అని."

"మరి నోటితోని చెప్పొచ్చు గద, గీ తంటాలన్నీ ఎందుకు?"

"నేను చెప్తే ఎందుకు అంటరు. ఎందుకు అంటే కొట్లాట. ఆయన చెప్తే ఎవడన్న అడుగుతడా? ఇల్లు గిట్లనే నిలిచింది. ఇగ నువ్వు నోరు మూసుకో."

రెండు తరాల రాజ్యాంగం రెండు నిమిషాల్లో విన్న సుభద్రకు నవ్వు వచ్చింది, తర్వాత భయం వేసింది. ఆ భయానికి కారణం సొంత మొగుడు.

బాలన్న ఏడాదిగా ఒకే పాట పాడుతున్నాడు. ఆ ఇంటి చీరలన్నీ ముదురు రంగులే: మిరపపండు ఎరుపు, వంకాయ రంగు, నెమలికంఠం. వనపర్తి బట్టల దుకాణాల్లో ఆడవాళ్ళు లేత రంగులు అడుగుతున్నారని, ఉల్లిపొర రంగు ఒంటికి వంకాయ రంగు అంచు వేస్తే కళ్ళు తిప్పుకోలేరని అతని వాదన. ప్రతి అమావాస్యా ఉల్లిపొర చిలప అందిస్తాడు. ప్రతిసారీ "వద్దు".

జ్యేష్ఠం వచ్చేసరికి అతనొక తాళంచెవి తెచ్చి సుభద్ర చేతిలో పెట్టాడు. "కోట పక్కన సారమ్మ ఇల్లు కిరాయికి తీసుకున్న. ఈ అమావాస్యకు గూడ నాయిన వద్దంటే, విదియ నాడు షెడ్డుల ఆరు మగ్గాలు ఇప్పి అక్కడ ఏస్త. నేను ఇగ అడగ."

"మగ్గాలు ఏస్తవ్, సరే. కొంగు అతికేది ఎవరు?"

గద్వాల చీర ఒళ్ళు నూలు, కొంగు పట్టు. నూలు పడుగు చివర, పట్టు పడుగు మొదలు, వేలకొద్దీ పోగులు ఒక్కొక్కటీ వేళ్ళతో మెలిపెట్టి కలపాలి. ఆ ఇంట్లో ఆ వేళ్ళు జానకమ్మవి. వేళ్ళకు చిటికెడు బూడిద అద్దుకుని, ఊరి కబుర్లన్నీ చెబుతూ, పోగు వైపు చూడకుండానే మెలిపెట్టేస్తుంది. ఆ అతుకు దగ్గర లాగి చూసినవాళ్ళున్నారు గాని, తెంపినవాళ్ళు లేరు.

"నువ్వు నేర్చుకో," అన్నాడు బాలన్న.

"నేను బి.ఏ. జేసిన. నా చేతి ఏళ్ళకు పెన్ను తప్ప ఏం తెల్వదు. మీ అన్న దగ్గర కొంగు, మన దగ్గర ఒళ్ళు. గద్వాలల కొంగు లేని చీర అమ్మిన మొదటి మనిషివి అయితవ్."

మాట వెటకారంగా అంది గాని, తాళంచెవిని కొంగున రెండు ముళ్ళు వేసి కట్టుకుంది. ఇల్లు రెండైతే రెండు ఇళ్ళూ సగం చీరలే నేస్తాయి. పైగా వద్దంటున్నది అత్త, బాలన్న కోపమంతా మామ మీద. ఆ ముక్క చెబుదామంటే అత్త ఆన. చెప్పకపోతే విదియకు బండి వస్తుంది.

ఇంతలో నాగర్‌కర్నూల్ నుంచి కబురొచ్చింది. ఈశ్వరయ్య బిడ్డకు మూడో కాన్పు, అత్తగారింట్లో చూసేవాళ్ళు లేరు, తల్లి రావాలని. రామేశ్వరమ్మ సంచి సర్దుకుంది. బస్సుకు బయలుదేరే ముందు సుభద్రను వంటింట్లోకి పిలిచి తన చేతి గాజుల్లో నాలుగు తీసి తొడిగింది.

"ఈ అమావాస్యకు గడపల నువ్వు కూసో. ఒకటంటే వద్దు, రెండంటే సరే."

"నేనా! నాకు రంగులు ఏం తెలుసు? అక్కను కూసోబెట్టు."

"అక్క నోట్ల నువ్వుగింజ దాగదు. నీకు ఎట్లాగూ తెల్సె. నువ్వు కూసుంటవని మామకు చెప్పిన."

"ఉల్లిపొర రంగుకు ఏం జెయ్యాలె?"

"ఒకటి," అని రామేశ్వరమ్మ సంచి భుజాన వేసుకుంది. ఎందుకో చెప్పలేదు. ఆ ఇంట్లో చెప్పే అలవాటు లేదు మరి. బస్సు కూడా ఆగదు.

అమావాస్య వచ్చింది. సుభద్ర గడపలో బియ్యం చాటతో కూర్చుంది. మూడు చిలపలు సాఫీగా సాగాయి. అవి పాత రంగులు, పాత జవాబులు. గల్లు గల్లుమనిపిస్తుంటే ఆమెకు ఒళ్ళంతా విచిత్రమైన హుషారు పుట్టింది. పన్నెండు మగ్గాలు తన మణికట్టులో ఉన్నాయి. నాలుగు పేజీల పరీక్షలో ఈ అధికారం గురించి ఎవరూ అడగలేదు.

అప్పుడు బాలన్న ఉల్లిపొర చిలప అందించాడు. అందిస్తూ తండ్రి మొహం వైపు చూడలేదు, వాకిలి వైపు చూశాడు. ఈశ్వరయ్య చిలప ఎత్తి దూలం వైపు చూశాడు.

ఒకటంటే బాలన్న పోతాడు. రెండంటే ఉంటాడు. రెండే అనేస్తే సరి. అత్త అడిగితే చెయ్యి జారిందంటే సరిపోతుంది. సుభద్ర రెండుసార్లు గల్లుమనిపించింది. ఈశ్వరయ్య నోరు తెరవబోయాడు. సరిగ్గా అప్పుడే ఆమెకు, అత్త ఏదో చూసే వద్దంది కదా, ఏం చూసిందో అన్న పురుగు తొలిచింది. ఒకవేళ ఆ చీరలు చెడితే నింద పడేది గాజుల మీద కాదు, చూపు లేని ముసలాయన మీద. చెయ్యి దానంతట అదే మళ్ళీ చాటకు తగిలింది.

గల్లు.

మూడు. మూడుకు ఆ రాజ్యాంగంలో అర్థం లేదు.

ఈశ్వరయ్య చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. దూలం మీది నుంచి చూపు దిగి, గడప ఎటుందో వెతుక్కుంది. అలవాటులేని అయోమయంలో, ముప్పై ఏళ్ళ గుట్టు మరిచిపోయి, పైకే అడిగేశాడు:

"ఏందమ్మా? ఒకటా, రెండా?"

గోవిందు తండ్రిని చూశాడు, గడపను చూశాడు, గాజులను చూశాడు. మూడింటినీ కలపడానికి అతనికి కొంచెం సమయం పట్టింది. బాలన్న లేచి వెళ్ళి తండ్రి మొహం ముందు చెయ్యి ఆడించాడు. ఆయన రెప్ప వెయ్యలేదు.

"నాయినా. నీకు కనపడ్తలేదా?"

"కనపడ్తది," అన్నాడు ఈశ్వరయ్య. "జర మబ్బు పట్టినట్టు."

"ఎన్నాళ్ళ నుంచి?"

ఆయన చిలపను ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ కూర్చున్నాడు. సుభద్రకు ఇక దాచడానికేమీ మిగల్లేదు. గాజులు, అంతకు ముందు దగ్గు, దానికి ముందు ఆకురోలు, అన్నీ చెప్పింది. క్యాలెండరు సంగతి మాత్రం చెప్పలేదు. అన్నీ చెప్పాలని ఎక్కడా లేదు.

బాలన్న కూలబడ్డాడు. "అంటే ఏడాది సంది నాకు వద్దన్నది అమ్మనా? ఎందుకు వద్దన్నది?"

గోవిందు తండ్రి వైపు చూశాడు. తండ్రి సుభద్ర వైపు మొహం తిప్పాడు. సుభద్ర వంటింట్లోంచి తొంగిచూస్తున్న జానకమ్మ వైపు చూసింది. ఎవరికీ తెలియదు. గాజులు ఔను, కాదు అని చెప్పగలవు. అంతకుమించి వాటికి రాదు.

"అడుగుదాం పా," అన్నాడు బాలన్న.

"అమావాస్య పూట ప్రయాణమా?" అన్నాడు ఈశ్వరయ్య, అలవాటైన గొంతు కాస్త తిరిగొచ్చి.

"అయితే రేపు పోదాం."

"రేపు పాడ్యమి. మగ్గాలు ఆగుతయి."

"ఆగనియ్యి మామా," అంది సుభద్ర. "ఏం నెయ్యాల్నో తెల్వనప్పుడు నడిచి ఏం జేస్తయి?"

అలా ఆ ఇంటి బైఠక్ మొదటిసారి బస్సెక్కింది. చిలపల చాటకు గుడ్డ కట్టి బాలన్న ఒళ్ళో పెట్టుకున్నాడు. ఈశ్వరయ్య కిటికీ పక్కన కూర్చుని, బీచుపల్లి బ్రిడ్జి రాగానే చేతులు జోడించాడు. నది కనపడకపోయినా గాలి తెలుస్తుంది. జానకమ్మ వనపర్తి దాకా ఒకటే సణుగుడు.

"గాజుల ముచ్చట నాకెందుకు చెప్పలే? నేనేమన్న డప్పు కొడ్తనా?"

అప్పటికే ముందు సీట్ల వాళ్ళు ముగ్గురు వెనక్కి తిరిగి ఆ గాజుల ముచ్చట వింటున్నారు.

నాగర్‌కర్నూల్‌లో రామేశ్వరమ్మ కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద పసిగుడ్డుకు నూనె రుద్దుతోంది. గుమ్మంలో మొగుడు, కొడుకులు, కోడళ్ళు, చాట, అందరూ వరసగా నిలబడి ఉండటం చూసి, ముందు ఎవరు పోయారోనని హడలిపోయింది. తర్వాత సుభద్ర చేతి గాజులు చూసి సంగతి గ్రహించింది.

"నీకు చాతగాలే," అంది.

"లేదత్తమ్మా. మూడు మోగినయి."

బాలన్న చాట కింద పెట్టాడు. "అమ్మా, ఉల్లిపొర రంగు ఎందుకు వద్దు?"

రామేశ్వరమ్మ పసివాణ్ణి బోర్లా తిప్పింది. ఆ ప్రశ్న ఆమెను అడగడం అదే మొదలు. జవాబు ఎక్కడ పెట్టానా అన్నట్టు కాసేపు ఆలోచించింది.

"నేను కొత్తకోడల్ని. అప్పుడు మా అత్త ఒకసారి లేత రంగు ఏయించింది. చీర మంచిగనే వచ్చింది. కొంగు అతికిన కాడ మాత్రం నల్లగ, మాసినట్టు గీత. కొంగుకు బూడిద అద్దిన ఏళ్ళతోని అతుకుతం గద. ముదురు రంగుల అది దాగుతది, లేత రంగుల దాగది. ఉతికితే పోతది. కొనేటోళ్ళు ఉతికి కొంటరా? పాతచీర అంటగట్టిండ్రని దుకాణపాయన అన్నీ ఎనకకు తెచ్చిచ్చిండు. మా అత్త ఆకురోలు మీద ఒట్టేసింది. ఇగ ఇంట్ల లేత రంగు వద్దని."

జానకమ్మ నోరు తెరిచింది. "గంతేనా అత్తమ్మా?"

"గంతే అంటే?"

"బూడిద వద్దంటే బియ్యంపిండి అద్దుకుంట. ఎండకాలం ఏళ్ళకు చెమట పడ్తదని నేను శానాసార్లు పిండే అద్దుకున్న. పట్టు జారదు, మరక గూడ ఉండదు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వెప్పుడు అడిగినవ్?"

బాలన్న ముందు నవ్వాడు. ఆ తర్వాత గోవిందు. ఈశ్వరయ్య నవ్వలేదు. చెయ్యి చాచి, తడుముకుని, భార్య పక్కన కూర్చున్నాడు.

"నేను ముప్పై ఏండ్లు వద్దంటిని," అన్నాడు మెల్లగా. "ఎందుకు వద్దంటున్ననో నాకు గూడ తెల్వదు."

"నువ్వు గూడ అడగలే గద," అంది రామేశ్వరమ్మ. ఆ మాట మెత్తగానే అంది.

ఉల్లిపొర రంగు పన్నెండింటికీ కాదు, రెండు మగ్గాలకు వెయ్యడానికి అక్కడే ఒప్పుకున్నారు. నచ్చకపోతే ఆ రెంటితోనే ఆగుతుంది. వద్దన్నవాళ్ళు ఎందుకు వద్దో పైకి చెప్పాలని, కోడళ్ళు చాప మీద కూర్చోవాలని, మామ కళ్ళు దవాఖానలో చూపించుకోవాలని సుభద్ర తన బి.ఏ. అంతా ఉపయోగించి మూడు షరతులు పెట్టింది. మూడోదానికి ఈశ్వరయ్య మీదికొచ్చాడు. "ఎందుకు వద్దో చెప్పు మామా," అంది సుభద్ర. ఆయన చాలాసేపు వెతికాడు. కారణం దొరకలేదు.

చీరలు మచ్చ లేకుండా వచ్చాయి. మొదటి చీరకు మాత్రం పిండి వాసనకు చీమలు పట్టాయి. జానకమ్మ పిండిలో ఇంత పసుపు కలపబోతే అందరూ ఒక్కసారిగా "ఎందుకు?" అన్నారు. ఆమె చెప్పింది, మరక పడుతుందని వాళ్ళు చెప్పారు, ఆమె మానేసింది. కొంగు అతికేటప్పుడు సుభద్రను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పడం మొదలుపెట్టింది. వందకు పది పోగులు నిలుస్తున్నాయి. సారమ్మ ఇంటి తాళంచెవి సుభద్రే తీసుకెళ్ళి ఇచ్చొచ్చింది. బాలన్న దాని గురించి అడగలేదు.

కార్తీకంలో ఈశ్వరయ్య కళ్ళకు ఆపరేషన్ అయింది. మార్గశిర అమావాస్య నాటికి సోడాబుడ్డి అద్దాలు వచ్చాయి. ఆ పొద్దున క్యాలెండరు ముందు నిలబడి, ఏకాదశి ఎప్పుడో తనే చదివి, ఇల్లంతా వినపడేలా చెప్పాడు. సుభద్ర పొయ్యి దగ్గర చాలా శ్రద్ధగా పాలు కలియబెట్టింది.

బైఠక్ కూర్చుంది. చాప మీద ఇప్పుడు అయిదుగురు. గోవిందు కొత్త చిలప అందించాడు: లేత చిలకపచ్చ. ఈశ్వరయ్య దాన్ని ఎత్తి, అద్దాల్లోంచి ఎగాదిగా చూశాడు. తర్వాత చూపు మెల్లగా పక్కకు జరిగి, రామేశ్వరమ్మ చేతి దగ్గర ఆగింది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"నన్నెందుకు చూస్తున్నవ్? ఇప్పుడు కండ్లు కనపడ్తున్నయి గద."

"కనపడ్తున్నయి," అన్నాడు ఈశ్వరయ్య. చిలపను తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. "మంచిగ కనపడ్తున్నయి. రంగే తెలుస్తలేదు. నోటితోని చెప్పు, ఇంటం."